అరుదైన పుస్తకం కాదు, అరుదు చేసిన పుస్తకం

పాత పుస్తకం వేలానికి వస్తే పెద్దలు అడిగే ప్రశ్నలు మూడే: తోలు అట్ట ఎట్లుంది? అచ్చేసింది ఎవరు? ధర ఎంత? మేం అడిగేది నాలుగోది. అది అరుదెట్లయింది?

స్కాట్లండ్ సంగతే చూడండి. జార్జ్ బుకానన్ అక్కడి బాలరాజు ఆరో జేమ్స్‌కు చదువు చెప్పిన పంతులు. 1579లో ‘దె యూరె రెగ్ని అపుద్ స్కోతోస్’ అనే లాటిన్ పుస్తకం అచ్చేసి, ఆ శిష్యునికే అంకితమిచ్చిండు. రాజును చేసింది జనం, రాజు చట్టానికి లోబడాలె, పీడించే రాజును ఎదిరించే హక్కు జనానికి ఉంటది. ఇదీ అందులోని సారం.

1582లో పంతులు కన్నుమూసిండు. 1584లో పార్లమెంటు చట్టం తెచ్చింది: ఈ పుస్తకం, ఆయన రాసిన స్కాట్లండ్ చరిత్ర ఎవరి దగ్గరున్నా 40 రోజుల్లో అప్పగించాలె. లేకుంటే 200 పౌండ్ల జుర్మానా. పుస్తకాలను ‘శుద్ధి’ చేస్తరట!

1599లో శిష్యుడే కలం పట్టిండు. కొడుకు హెన్రీకి ఏలుబడి నేర్పేందుకు ‘బాసిలికాన్ దోరోన్’ రాసి, ఏడంటే ఏడు ప్రతులు అచ్చేయించిండు. గురువు రాసిన చరిత్రను దాచుకున్నోళ్ల మీద చట్టం ప్రయోగించమని అందులో కొడుకుకు బోధ. 1603లో ఇంగ్లండ్ గద్దె దక్కంగనే ఆ ఏడు ప్రతుల పుస్తకమే లండన్‌లో వేల ప్రతులయింది. గురువు పుస్తకమో? 1680లో ఇంగ్లిషులోకి వచ్చింది. మూడేండ్లకే, 1683 జులై 21న, ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ మిల్టన్, హాబ్స్‌ల రాతలతో పాటు దాన్ని కూడా మంటల్లో వేసింది.

ఇయ్యాల ఆ ఇద్దరి తొలి అచ్చులూ అద్దాల బీరువాల్లోనే ఉన్నయి. ఒకటి రాజు తనోళ్లకే పంచుకున్నది. ఇంకొకటి జనం చేతుల్లోంచి గుంజుకోజూసింది. రెండిటికీ ‘అరుదైనది’ అని ఒకే చీటీ అంటిస్తే, జరిగిన జబర్దస్తీని ఆ చీటీ కింద కప్పిపెట్టినట్టే కాదా?

పాత కాగితం చెయ్యి తగిలితే చిరుగుతదంటరు. నిజమే. కాగితాన్ని పదిలంగ దాచండి, కాదనం. కానీ మాటకు తాళం ఎందుకు? ప్రతి పుటను ఫొటో తీసి జనం ముందుంచండి. తగలబెట్టిన తారీఖు, ఇచ్చిన హుకుం, వేసిన జుర్మానా ఆ చీటీ మీదనే రాయండి.

ఏలెటోడు భయపడ్డ పుస్తకాన్ని చదివే హక్కు ఏలబడెటోనిది. కొన్నోనిది ఒక్కనిదే కాదు.