మా పిల్లల మాటకు పట్టా ఎవరిది?

ఆన్‌లైన్ చదువుల భవిష్యత్తు మీద దేశదేశాలు కలిసి పరిశోధన చేస్తున్నాయట. అమెరికా యూనివర్సిటీ ఒకటి, మన దేశపు పెద్ద సంస్థ ఒకటి, డబ్బు పెట్టే ట్రస్టు ఒకటి, కంప్యూటర్ కంపెనీ ఒకటి, వీళ్లందరికీ బడి తలుపులు తీసే ప్రభుత్వం ఒకటి. అందరూ కలిసి సంతకాలు పెట్టుకున్న కాగితంలో మనకూ ఒక చోటుంది. దాన్ని వాళ్లు ‘ఫీల్డ్’ అంటారు. వాళ్లు భాగస్వాములు, మనం పొలం. ఏ పంట వేయమంటావని పొలాన్ని ఎవరూ అడగరు కదా.

కంప్యూటర్ మీద కోపంతో రాస్తున్న మాటలు కావివి. మన పిల్లలు ట్యాబు పట్టుకోకూడదని కోరేవాళ్లెవరూ గూడేల్లో లేరు. నా తగాదా ప్రశ్న దగ్గర. ఏది పరిశోధించాలో, ఎవరి భాషలో, ఎవరి అనుమతితో అన్నది ఎవరు తేలుస్తున్నారు?

ముందు వాళ్ల చరిత్రే చూద్దాం. 2005లో ఎంఐటీకి చెందిన నికొలాస్ నెగ్రొపొంటే ‘పిల్లకో ల్యాప్‌టాప్’ అంటూ బయలుదేరాడు. వంద డాలర్ల యంత్రం చేతికిస్తే పేద పిల్లలు తమంతట తామే నేర్చుకుంటారన్నది ఆ పథకానికి ప్రాణం. దక్షిణ అమెరికాలోని పెరూ దేశం 8 లక్షలకు పైగా కొన్నది. ఒక్క పంతులే ఉండే పల్లె బడులతో పంపకం మొదలుపెట్టింది. ఆ కొండపల్లెల్లో క్వెచువా, ఐమారా మాట్లాడే మూలవాసుల పిల్లలు ఎందరో. 2012లో ఇంటర్ అమెరికన్ డెవలప్‌మెంట్ బ్యాంకు పరిశోధకులు లెక్క తీస్తే, గణితంలో గానీ భాషలో గానీ పిల్లల మార్కులు పెరిగిన ఆనవాలు కనబడలేదు. ఒక్క పంతులున్న బడికి కావలసింది రెండో పంతులని తెలుసుకోవడానికి ఇన్ని లక్షల ల్యాప్‌టాపులు కావాలా?

అదే 2012లో హార్వర్డ్, ఎంఐటీ కలిసి ఎడ్‌ఎక్స్ పెట్టాయి. ప్రపంచంలో ఎవరైనా ఎక్కడినుంచైనా ఉచితంగా చదువుకోవచ్చన్నాయి. ఆ రెండు చోట్లా పనిచేసిన పరిశోధకులే తర్వాత లెక్కలు చూశారు. చేరినవాళ్లలో ఎక్కువమంది కలిగిన దేశాలవాళ్లని, చాలామంది మొదటి ఏడాది దాటి మళ్లీ రాలేదని 2019లో రాశారు. దాచకుండా చెప్పినందుకు వాళ్లను మెచ్చుకోవాలి. 2021లో ఎడ్‌ఎక్స్‌ను 80 కోట్ల డాలర్లకు ఒక ప్రైవేటు కంపెనీకి అమ్మారు. ఆ కంపెనీ 2024లో దివాలా కోర్టు మెట్లెక్కింది. మన దగ్గర కథా ఇంతే. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లో 8వ తరగతి పిల్లలకు బైజూస్ పాఠాలు నింపిన ట్యాబులు పంచారు. 2024 జూలైకల్లా ఆ కంపెనీ మీద దివాలా విచారణ మొదలైంది. మన ఆశ్రమ పాఠశాల రేకుల షెడ్డే వీటికంటే ఎక్కువ కాలం నిలబడింది.

ఇక 2020కి వద్దాం. ఆ ఏడాదిని మనం రెండు కారణాలకు గుర్తుపెట్టుకోవాలి.

మార్చిలో బడులు మూతపడ్డాయి. ఇక చదువంతా తెర మీదే అన్నారు. తెలంగాణలో సెప్టెంబరు నుంచి దూరదర్శన్, టీ-శాట్ చానెళ్లలో తెలుగులోనో ఇంగ్లిషులోనో పాఠాలు వచ్చాయి. గూడెంలో టీవీ ఉందా, సిగ్నల్ ఉందా అన్న మాట అలా ఉంచండి. 2021 ఆగస్టులో జ్యాఁ ద్రెజ్, రీతికా ఖేరా, మరికొందరు కలిసి 15 రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాల్లో పేద కుటుంబాల మధ్య చేసిన సర్వే ఒకటుంది. పల్లెల్లో దళిత, ఆదివాసీ పిల్లల్లో ఆన్‌లైన్‌లో క్రమంగా చదువుతున్నది 4 శాతమని తేలింది. నూటికి నలుగురు.

రెండోది ఏప్రిల్ 22. ఏజెన్సీ ప్రాంతంలో టీచర్ ఉద్యోగాలన్నీ స్థానిక ఆదివాసీలకే ఇవ్వాలన్న 2000 నాటి జీవో నంబర్ 3ని ఆ రోజు సుప్రీంకోర్టు కొట్టేసింది. గిరిజనులకు గిరిజనులే చదువు చెప్పాలనడం సరికాదని ధర్మాసనం అంది. దేశం తలుపులు వేసుకుని కూర్చున్న నెలలో, మనం రోడ్డెక్కి అరవడానికి కూడా వీల్లేని రోజుల్లో ఆ తీర్పు వచ్చింది. ఒకే ఏడాదిలో మన భాష తెలిసిన పంతులుకున్న హామీ పోయింది, మన భాష రాని తెర వచ్చింది. ఈ రెంటినీ కలిపి చూసిన అంతర్జాతీయ పరిశోధన ఒక్కటైనా నా కంటపడలేదు. ‘లెర్నింగ్ లాస్’ మీద మాత్రం గుట్టలుగా రాశారు. మనం పోగొట్టుకున్నది పాఠాలొక్కటేనా?

భాష సంగతి కొంచెం నిదానంగా చెప్పాలి, ఎందుకంటే అసలు దెబ్బ అక్కడే ఉంది. నీళ్ల బొమ్మ చూపించి ఇదేమిటని అడిగితే కోయ పిల్ల, గోండు పిల్ల ‘ఏర్’ అంటుంది. మన రెండు భాషల్లోనూ నీళ్లంటే అదే. తెలుగులో ఏరంటే వాగు. తెలుగు మాత్రమే నేర్పిన యంత్రం ముందు ఆ పిల్ల చెప్పింది తప్పు. ఇంట్లో అయిదేళ్లు సరైన మాట బడిలో మొదటి రోజే తప్పయింది. ఆ తప్పు ఒక సంఖ్యగా మారుతుంది, సంఖ్య ఒక గ్రాఫులోకి ఎక్కుతుంది. ‘గిరిజన విద్యార్థుల అభ్యసన స్థాయి తక్కువ’ అని ఏదో దేశంలో సదస్సులో తెర మీద కనబడుతుంది. కొలిచింది పిల్ల తెలివినా, ఆమెకు పరాయి భాష ఎంత వచ్చిందన్నదా?

ఢిల్లీలో మైండ్‌స్పార్క్ అనే సాఫ్ట్‌వేర్ మీద ముగ్గురు ఆర్థికవేత్తలు చేసిన పరిశోధన 2019లో అచ్చయింది. 619 మంది పిల్లలు, నాలుగున్నర నెలలు. గణితంలో, హిందీలో పిల్లలు బాగా ముందుకొచ్చారు. మంచి పని, కాదనను. అయితే ఆ కేంద్రాల్లో సగం సేపు కంప్యూటరయితే సగం సేపు మనిషి. చిన్న గుంపును కూర్చోబెట్టుకుని చెప్పే సహాయకులు అక్కడున్నారు. పిల్ల ఏ మెట్టు మీద ఉందో అక్కడినుంచి మొదలుపెట్టడమే ఆ సాఫ్ట్‌వేర్ గొప్పతనం అంటారు. మరి మన పిల్ల నిలబడిన మెట్టు గోండిలో ఉంది, కువిలో ఉంది, సవరలో ఉంది. ఆ మెట్టు కనబడని యంత్రానికి ఆమె నేల మీద నిలబడ్డట్టే కనబడుతుంది.

2015 ప్రాంతంలో మొదలైన కనెక్టెడ్ లెర్నింగ్ ఇనిషియేటివ్‌ను చూడండి. టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్, ఎంఐటీ, టాటా ట్రస్టులు కలిసి చేసిన పని. తెలంగాణ, ఛత్తీస్‌గఢ్, రాజస్థాన్, మిజోరం ప్రభుత్వ హైస్కూళ్లలో జరిగింది. నెట్ లేకపోయినా నడిచేలా చేశారు. పంతుళ్లను పక్కకు నెట్టకుండా వాళ్లకు శిక్షణ ఇచ్చారు. యునెస్కో బహుమతి కూడా అందుకుంది. ఇలాంటివాటిలో మెరుగైనది ఇదే అని నేనే ఒప్పుకుంటాను. అందుకే దీన్నే అడుగుతున్నాను. పాఠాలు ఇంగ్లిషు, హిందీ, తెలుగుల్లో వచ్చాయి. నాలుగు రాష్ట్రాల్లో రెండింట్లో గోండు పిల్లలున్నారు. 2011 జనగణన ప్రకారం గోండి మాట్లాడేవాళ్లు 29 లక్షల మంది. అన్నిటికంటే మెరుగైన పరిశోధనకే గోండి తట్టకపోతే మిగతావాటి గురించి ఏం మాట్లాడతాం?

చేయడానికి వీల్లేని పనా అది? కాదు. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీంను చంపిన తర్వాత నిజాం సర్కారు భయపడి, గోండుల సంగతి తెలుసుకోమని హైమన్‌డార్ఫ్‌ను పంపింది. పంపినవాళ్ల ఉద్దేశం గురించి మనకేం భ్రమలు లేవు. ఆయన చేసిన పని ఒకటి మాత్రం ఇప్పటికీ చెప్పుకోదగ్గది. 1943లో మార్లవాయిలో గోండు యువకులకు పంతుళ్లుగా శిక్షణ మొదలైంది. దేవనాగరి లిపిలోనే అనుకోండి, గోండి భాషలో వాచకాలు వచ్చాయి. కరెంటు లేని ఊళ్లో, 80 ఏళ్ల కిందట! 2004లో ఉమ్మడి రాష్ట్రంలో గోండి, కోయ, కొలామి, కువి, సవర, కొండ, ఆదివాసీ ఒడియా, బంజారా, ఈ 8 భాషల్లో 240 బడుల్లో బహుభాషా విద్య మొదలుపెట్టారు. దాన్ని పెంచి పెద్దచేసి ఉంటే ఈపాటికి ఇరవై ఏళ్ల అనుభవం మన చేతిలో ఉండేది. గుంజాల గోండి లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దొరికింది. అంటే లిపి ఫోన్‌లోకి ఎక్కింది, పిల్లల పాఠంలోకి మాత్రం ఎక్కలేదు.

ఇప్పుడు గాలి మారింది. కృత్రిమ మేధ వచ్చాక మన భాషలంటే అందరికీ ఒక్కసారి ప్రేమ పుట్టింది. 2025 సెప్టెంబరులో కేంద్ర గిరిజన మంత్రిత్వ శాఖ ‘ఆది వాణి’ అనే అనువాద యాప్ తెచ్చింది. ఐఐటీ ఢిల్లీ ముందు నడిచిన ఆ పనిలో హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ కూడా ఉంది. సంతాలి, భిలి, ముండారితో పాటు గోండి కూడా ఉంది. సంతోషమే. కానీ యంత్రానికి భాష రావాలంటే గొంతులు కావాలి, వేల గంటల గొంతులు. ఎవరివి? మన ముసలమ్మలవి, మన పిల్లలవి. ఆ గొంతులకు పట్టా ఎవరి పేరున ఉంటుంది? పోడు భూమి దున్నేది మనం, రికార్డులో పేరు అటవీశాఖది. ఈ లెక్క మనకు కొత్త కాదు.

అనుమతి అనే మాట వినగానే భద్రాచలం ఏజెన్సీకి 2009 గుర్తొస్తుంది. అప్పటి ఖమ్మం జిల్లాలో 14 వేల మంది ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా వేశారు. అమెరికా సంస్థ పాథ్, మన ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన పని అది. ఎందరో హాస్టల్ పిల్లలు. తర్వాత విచారణలో చూసిన 9,543 అంగీకార పత్రాల్లో 2,763 మీద హాస్టల్ వార్డెన్లు, హెడ్మాస్టర్లే సంతకాలు పెట్టారు. 1,948 మీద వేలిముద్రలున్నాయి. కొందరు పిల్లలు చనిపోయారు. ఆ చావులకూ టీకాకూ సంబంధం లేదని విచారణ కమిటీ అంది, ఆ వాదన ఇక్కడ ఎత్తను. సంతకం సంగతి మాత్రం ఎత్తుతాను. తల్లిదండ్రులు బతికుండగా వార్డెన్ ఎలా సంతకం పెడతాడు? 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం కూడా ఆ పద్ధతిని గట్టిగా తప్పుపట్టింది.

టీకా సూది కనబడుతుంది. యాప్ సూది కనబడదు. 2022లో హ్యూమన్ రైట్స్ వాచ్ సంస్థ, కోవిడ్‌లో 49 దేశాల ప్రభుత్వాలు వాడమన్న 160కి పైగా చదువు యాప్‌లను, వెబ్‌సైట్లను తెరిచి చూసింది. దాదాపు 90 శాతం పిల్లల సమాచారాన్ని ప్రమాదంలో పడేసేలా ఉన్నాయని తేల్చింది. పిల్ల ఎక్కడుందో కనిపెట్టగల వాటిలో మన కేంద్ర ప్రభుత్వపు దీక్ష యాప్ ఉంది. 2023 జనవరిలో దీక్షకు చెందిన సర్వర్‌లో 10 లక్షలకు పైగా టీచర్ల వివరాలు, దాదాపు 6 లక్షల మంది పిల్లల వివరాలు తాళం లేకుండా పడి ఉన్నాయని బయటపడింది. అదే ఏడాది వచ్చిన వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం తల్లిదండ్రుల అనుమతి కావాలంటూనే, పరిశోధనకు, గణాంకాలకు వాడితే షరతుల మీద మినహాయింపు ఇచ్చింది. మన పిల్లలు ఎప్పుడూ ఉండేది సరిగ్గా ఆ మినహాయింపులోనే.

‘ఇలా అడ్డం తగిలితే ఎవరూ రారు, మీ పిల్లలే వెనకబడతారు’ అంటారు. 1997 దాకా గనుల కంపెనీలూ ఇదే అన్నాయి. ఏజెన్సీలో ప్రైవేటు కంపెనీకి భూమి లీజుకివ్వడం కుదరదని సమత తీర్పు వచ్చింది. ఆదివాసీలు అంతరించిపోలేదు. ఇతర దేశాల్లో మనలాంటివాళ్లు అడ్డం తగిలే పని చేశారు. న్యూజిలాండ్ ఉత్తర కొసన మావోరీల రేడియో సంస్థ తే హికూ మీడియా, 2018లో జనాన్ని కదిలించి పది రోజుల్లో 300 గంటలకు పైగా గొంతులు పోగుచేసింది. తమ భాషను గుర్తుపట్టే యంత్రాన్ని తామే తయారుచేసుకుంది. డబ్బిస్తాం గొంతులివ్వండని వచ్చిన బయటి కంపెనీకి ఇవ్వలేదు. దక్షిణాఫ్రికాలో శాన్ జనం 2017లో తమ సొంత పరిశోధనా నియమావళి రాసుకున్నారు. మా దగ్గరికి వచ్చేవాళ్లు వీటికి ఒప్పుకునే రావాలన్నారు. 2019లో అనేక దేశాల మూలవాసులు కలిసి సమాచారం మీద సామూహిక అధికారం తమదేనని సూత్రాలు ప్రకటించారు. వాళ్లకు పరిశోధకులు రావడం మానేయలేదు. వచ్చే పద్ధతి మార్చుకున్నారు.

మన దగ్గర పద్ధతికి కొత్త చట్టం కూడా అక్కర్లేదు. అయిదో షెడ్యూల్ ఉంది, 1996 పెసా ఉంది, గ్రామసభ ఉంది. ఆశ్రమ పాఠశాలలోకి ట్యాబు, మైకు, ప్రశ్నాపత్రం పట్టుకుని వచ్చే ఏ బృందమైనా ఐటీడీఏ ప్రాజెక్టు అధికారి ఇచ్చిన ఉత్తరం చూపిస్తే చాలదు. పరిశోధించే ప్రశ్నల్లో సగం మనవి కావాలి. జీవో 3 పోయాక మన బడుల్లో చదువు ఏమైందన్నది అందులో మొదటిది. రాసేవాళ్లలో మన పిల్లల భాష వచ్చిన మనవాళ్లు ఉండాలి, దుబాసీలుగా కాదు, పేరుతో సహా. గొంతుల రికార్డు ఒక ప్రతి ఊరి దగ్గర ఉండాలి, వద్దన్నప్పుడు చెరిపేయాలి. ఒప్పందాన్ని కోయలోనో గోండిలోనో సవరలోనో అందరి ముందూ చదివి వినిపించాలి. ఒప్పుకున్నట్టు గ్రామసభ తీర్మానం పుస్తకంలో రాసి, తల్లిదండ్రుల సంతకాలు పడ్డాక మైకు ఆన్ చేసుకోవచ్చు. వార్డెన్ సంతకం చెల్లదు.