ఉప్పు చూసి వడ్డిస్తాం... కథ చూసి ఇస్తున్నామా?

పులుసు దించే ముందు ఒక చుక్క అరచేతిలో వేసుకుని రుచి చూడకుండా పిల్లలకు వడ్డించే తల్లిని నేనింతవరకు చూడలేదు. బియ్యంలో రాళ్లేరుతాం. పాలు విరిగాయేమోనని వాసన చూస్తాం. మరి పిల్లల చేతికి పుస్తకం ఇచ్చేటప్పుడో? అట్ట మీద సిలువ బొమ్మో, గొర్రెపిల్లనెత్తుకున్న యేసు ప్రభువు బొమ్మో ఉంటే చాలు, "దేవుడి పుస్తకమే కదా" అని నిశ్చింతగా ఇచ్చేస్తాం. నేనూ అలా ఇచ్చినదాన్నే. అందుకే ఈ వారం ఈ మాట మీ ముందుంచుతున్నాను.

మా నంద్యాల 2022లో జిల్లా కేంద్రమైంది గానీ, అంతకు ఎన్నో ఏళ్ల ముందు నుంచే ఇది చర్చీల ఊరు, మిషన్ బడుల ఊరు. ఎస్.పి.జి. పేరుతో ఉన్న బడి, హోలీ క్రాస్ కెథెడ్రల్ తెలియనివారు ఇక్కడ ఉండరు. వేసవి సెలవులొస్తే పిల్లలకు బైబిలు బడి, వాక్యాలు అప్పజెప్పినవాళ్లకు బహుమతులు. ఆ బహుమతుల్లో కథల పుస్తకాలే ఎక్కువ.

ఇక్కడికి 40 కిలోమీటర్ల చిల్లర దూరంలో, ఆళ్లగడ్డలో మా ఆడబిడ్డ కాపురం. ఆమె కూతురికి తొమ్మిదేళ్లు. ఆ పిల్లకూ అలాగే ఒక పుస్తకం బహుమతిగా వచ్చింది. నేను వాళ్లింటికి వెళ్లినప్పుడు ఒక సంగతి కనిపెట్టాను. పొద్దున లేస్తే పక్కింటి అవ్వ దగ్గరే ఉండే పిల్ల గడప దాటడం లేదు. జడ వేసేది ఆ అవ్వే, పూలు పెట్టేది ఆ అవ్వే. ఉగాదికి ఓళిగలు చేస్తే మొదటిది ఈ పిల్లకే. క్రిస్మస్‌కు మనింటి కజ్జికాయలు మొదట వెళ్లేదీ ఆ ఇంటికే. అలాంటిది, అవ్వ రెండుసార్లు కేకేసినా పిల్ల పలకలేదు.

రాత్రి పక్కలో వేసుకుని మెల్లగా అడిగాను. ఏడుపు ఆపుకుంటూ అంది కదా, "అత్తా, అవ్వ నరకానికి పోతాదంట గదా. వాళ్లింట్లో తింటే నేనూ పోతానా?"

నా గుండె జల్లుమంది. ఎవరు చెప్పారని అడిగితే పుస్తకం తెచ్చి చూపించింది. అందులో ఒక చెడ్డ మాట లేదు. ప్రేమ వ్యవహారాలు లేవు. తాగుడు లేదు, దొంగతనం లేదు. విగ్రహానికి మొక్కే ఒక ముసలామె ఉంది. చివరకు ఆమె మంటల్లో కాలుతుంది, కథలోని పిల్ల మాత్రం సంతోషంగా పాట పాడుకుంటుంది. అంతే కథ.

"శుభ్రమైన పుస్తకమే వదినా, నేను తిరగేసి చూసినా, అన్నీ దేవుని మాటలే ఉండాయి" అంది మా ఆడబిడ్డ.

ఇంకో తమాషా వినండి. అంతకు ముందు సెలవుల్లో ఆ పిల్లకు నేను ప్యాట్రీషియా సెయింట్ జాన్ అనే ఇంగ్లీషావిడ 1950లో రాసిన 'ట్రెజర్స్ ఆఫ్ ది స్నో' కథ తెలుగులో చెబుతుంటే, ఇదే ఆడబిడ్డ వద్దని ఆపేసింది. ఎందుకంటే అందులో పగలూ కోపాలూ ఉన్నాయట! ఉన్నాయి, నిజమే. స్విట్జర్లాండ్ కొండల్లో ఒక తల్లిలేని పిల్ల తన తమ్ముణ్ణి సాకుతుంటుంది. పొరుగు పిల్లవాడి ఆకతాయితనం వల్ల ఆ చిన్నవాడు లోయలో పడి కాలు పోగొట్టుకున్నంత పని అవుతుంది. అక్క ఆ పొరుగువాణ్ణి క్షమించదు. వాడు పోటీ కోసం ఎంతో ఓపికగా చెక్కుకున్న కొయ్య గుర్రాన్ని ఎవరూ చూడకుండా నాశనం చేస్తుంది. శిల్పుల ఊరైన ఆళ్లగడ్డలో పుట్టిన పిల్లకు చెక్కిన బొమ్మ విలువ ఒకరు చెప్పాలా? "అయ్యో, ఎంత కష్టపడి చేసుకున్నాడో" అని మా కోడలు కళ్లనీళ్లు పెట్టుకుంది. అటుపైన ఆ అక్క మనసు ఎలా కుమిలిందో, ఎలా ఒప్పుకుందో, ఎలా క్షమించిందో... అదంతా వినకుండానే కథ ఆగిపోయింది.

చూశారా! తప్పు లేని పుస్తకం పిల్లను పొరుగింటికి దూరం చేసింది. తప్పు ఉన్న పుస్తకం ఆమెకు ఎదుటివాడి కష్టం నేర్పుతుంటే మనమే ఆపేశాం.

అందుకే నేను చెప్పేదొకటే. కథలో చెడు ఉందా లేదా అన్నది కొలత కాదు. ఆ చెడును కథ ఏం చేసింది, కథ ముగిశాక పిల్ల మనసులో ఏం మిగిల్చింది అన్నదే కొలత. చెడు అసలుండకూడదంటే బైబిల్లో యోసేపు కథ కూడా చెప్పలేం. సొంత అన్నలే అతణ్ణి గుంటలో తోసి అమ్మేశారు కదా!

ఆళ్లగడ్డ శిల్పులు రాయిని కొనే ముందు సుత్తితో తట్టి చప్పుడు వింటారు. లోపల పగులుంటే ఆ మోతలోనే తెలిసిపోతుంది. పుస్తకాన్నీ అలా తట్టి చూడండి. మొత్తం చదివే తీరిక లేకపోతే మొదటి అధ్యాయం, నడుమ ఒకటి, చివరిది చదవండి. చివరిది మాత్రం వదలకండి. చదువుతూ ఈ నాలుగు ప్రశ్నలు వేసుకోండి.

తప్పు చేసినవాడికి ఏమైంది? శిక్షతోనే కథ ముగిసిందా, తిరిగి రావడానికి దారి ఉందా? సి.ఎస్. లూయిస్ రాసిన నార్నియా కథల్లో ఎడ్మండ్ అనే పిల్లవాడు మిఠాయికి ఆశపడి తోబుట్టువులకు ద్రోహం చేస్తాడు. వాడి కోసం అస్లాన్ అనే సింహం ప్రాణమిస్తుంది. ఆ కథల్లో మంత్రగత్తె ఉందని కొందరు తల్లులు భయపడతారు. అక్కడ మంత్రగత్తెది గొప్పతనంగా చూపారా, దుష్టత్వంగా చూపారా అని చూసుకుని మీరే నిర్ణయించుకోండి.

ప్రార్థనను మంత్రంలా చూపించారా? మోకరించగానే ఫస్టు ర్యాంకు, కళ్లు మూసుకోగానే జ్వరం మాయం... ఇలాంటి కథలు వినడానికి తియ్యగానే ఉంటాయి. కానీ తాతకు జబ్బు చేసి, ఇంటిల్లిపాదీ ప్రార్థన చేసినా ఆయన దక్కకపోతే? ఆ పిల్ల తన భక్తిలోనే లోపముందని కుమిలిపోతుంది. అడిగింది దొరకని పిల్ల కూడా కథల్లో ఉండాలి.

భయం చూపి వదిలేశారా? జాన్ బన్యన్ పుస్తకం, 1678లో అచ్చయింది, మనవాళ్లు 'యాత్రికుని ప్రయాణం' అంటారు. అందులోనూ రాక్షసుడు ఉన్నాడు, చీకటి కోట ఉంది. అయితే ఆ కోట తలుపు తెరిచే తాళంచెవి యాత్రికుడి దగ్గరే ఉంటుంది. దాని పేరు వాగ్దానం. భయపెట్టినా సరే, తాళంచెవి ఇచ్చిన కథే మంచి కథ. చిన్నపిల్లలకైతే కుదించిన పుస్తకం తీసుకోండి, పూర్తిది వాళ్లకు బరువు.

మనవాళ్లు కానివాళ్లను ఎలా చూపించారు? పక్కింటివాళ్లు, వేరే మతంవాళ్లు, పేదవాళ్లు కథలో మనుషుల్లా ఉన్నారా, దిష్టిబొమ్మల్లా ఉన్నారా? క్రైస్తవుల పుస్తకమనే కాదు, మీరే దేవుణ్ణి కొలిచినా, మీ ఇంటికి వచ్చే పుస్తకానికి ఈ ప్రశ్న వేయండి.

ఇక ఆ రాత్రి సంగతి. పిల్లతో వాదించలేదు. యేసు ప్రభువు చెప్పిన మంచి సమరయుని కథ చెప్పాను. యూదులకూ సమరయులకూ పొత్తు కుదరని కాలం అది. దొంగలు కొట్టి పడేసిన మనిషిని చూసి యాజకుడు పక్కనుంచి వెళ్లిపోయాడు. లేవీయుడూ వెళ్లిపోయాడు. గాయాలకు కట్టు కట్టి, సత్రానికి చేర్చి, ఖర్చు పెట్టింది ఆ పొత్తు కుదరని సమరయుడే. ప్రభువు మంచివాడిగా చూపించింది అతణ్ణే.

పిల్ల చాలాసేపు పైకప్పు చూస్తూ పడుకుంది. "నాకు జ్వరం వచ్చినప్పుడు రాత్రంతా కూచునింది అవ్వే గదత్తా" అంది. నేనేమీ అనలేదు.

తెల్లారి చూస్తే దువ్వెన పట్టుకుని పక్కింటి అరుగు మీద కూర్చుంది. "ఏమ్మే, ఇన్ని రోజులు యాడికి పోయినావే?" అని అవ్వ చిక్కులు తీస్తోంది. మా ఆడబిడ్డ వాకిట్లో నిలబడి కొంగుతో కళ్లొత్తుకుంది. తరువాత ఆ బహుమతి ఇచ్చిన టీచరమ్మతో నెమ్మదిగా మాట్లాడింది కూడా. పాపం, ఆవిడా చదవకుండానే ఇచ్చిందట. మనలాగే!

ఆగిపోయిన కొయ్య గుర్రం కథ ఆ రోజే మళ్లీ మొదలుపెట్టాం. ఈసారి వినేవాళ్లలో మా ఆడబిడ్డ కూడా ఉంది. అక్క తప్పు ఒప్పుకునే చోటికి వచ్చేసరికి స్టవ్ మీద పప్పు అడుగంటింది. ఎవరూ ఏమీ అనుకోలేదు.

పుస్తకం ఇచ్చి ఊరుకోకండి. చదివాక "ఇందులో నీకు ఎవరి మీద జాలేసింది?" అని ఒక్క మాట అడిగి చూడండి. ఆ జవాబులో పుస్తకం రుచి మీకే తెలిసిపోతుంది.

మళ్లీ వారం కలుద్దాం.