చాక్లెట్ కాగితమూ రాక్షసబల్లీ

పటాన్‌చెరు నుండి ఒక సోదరి వ్రాసిన ఉత్తరం మూడు వారాలుగా నా బల్ల మీదనే ఉంది. ఆమె భర్త పాశమైలారంలో ఒక మందుల కర్మాగారంలో షిఫ్టు ఉద్యోగి. వారికి పదకొండేళ్ల కుమారుడు, ఎనిమిదేళ్ల కుమార్తె. "మౌలానా సాహెబ్, 'జురాసిక్ వరల్డ్: రీబర్త్' అనే డైనోసార్ల సినిమా చూపించమని పిల్లలు ఒకటే పోరు. బడిలో అందరూ చూశారట. వాళ్ల అబ్బా మాత్రం వద్దంటున్నారు. మీరేమంటారు?" అన్నది ప్రశ్న. ఉత్తరం అక్కడితో ముగిసి ఉంటే రెండు వాక్యాల్లో సమాధానం వ్రాసేవాణ్ణి. కాని చివర ఆమె ఒక మాట చేర్చారు: "అది మందుల కంపెనీ కథ అని తెలిసినప్పటి నుండి ఆయన ఆ సినిమా పేరెత్తితేనే లేచి బయటకు వెళ్లిపోతున్నారు."

ఆ ఒక్క మాట కోసం సినిమా చూశాను. చూడకుండా తీర్పు చెప్పడం న్యాయం కాదు గదా. ఇంట్లో టీవీలో, తొమ్మిదేళ్ల మనవణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, రిమోటు చేత పట్టుకుని చూశాను. అసలు సినిమాలు చూడవచ్చునా అన్న చర్చను ఇక్కడ ఎత్తుకోను. ఈ సోదరి అడిగింది ఈ ఒక్క చిత్రం గురించి.

1993లో స్పీల్‌బర్గ్ తీసిన 'జురాసిక్ పార్క్' వరుసలో ఇది ఏడవ చిత్రం. దర్శకుడు గారెత్ ఎడ్వర్డ్స్. మొదటి రెండు చిత్రాలకు పనిచేసిన డేవిడ్ కెప్ దీనికీ కథనం సమకూర్చాడు. భారతదేశంలో 2025 జూలై 4న థియేటర్లకు వచ్చింది. కథ చిన్నది. గుండెజబ్బుకు మందు తయారు చేయదలచిన ఒక ఔషధ సంస్థకు సముద్రంలో, నేల మీద, ఆకాశంలో తిరిగే మూడు అతి పెద్ద జంతువుల రక్తపు నమూనాలు కావాలి. వాటి కోసం కిరాయి మనుషులనూ, ఒక శాస్త్రవేత్తనూ భూమధ్యరేఖ సమీపంలోని ఒక నిషిద్ధ దీవికి తీసుకుపోతారు. దారిలో పడవ మునిగిన ఒక తండ్రి, ఇద్దరు కుమార్తెలు, వారి వెంట ఉన్న ఒక యువకుడు వారితో కలుస్తారు.

ముందుగా మంచిని మంచి అనాలి. నిద్రపోతున్న టీ రెక్స్ పక్క నుండి ఆ కుటుంబం గాలి పడవను మెల్లగా నీళ్లలోకి జార్చే సన్నివేశం ఉంది. మైకేల్ క్రైటన్ 1990 నాటి నవలలో ఉన్నా మొదటి సినిమాలో చోటు దొరకని ఘట్టమది. మా మనవడు నా కుర్తా అంచు పట్టుకుని వదలలేదు. అంతకంటె నాకు నచ్చినది గడ్డిమైదానంలో టైటానోసార్ల దృశ్యం. శాస్త్రవేత్త ఆ మహాకాయం కాలిని అరచేత్తో తాకి, నోట మాట రాక కన్నీళ్లు పెట్టుకుంటాడు. సృష్టిని చూసి సృష్టికర్తను తలచుకోవడం వచ్చినవారికి ఆ రెండు నిమిషాలు వృథా కావు. సుబ్‌హానల్లాహ్ అన్నాను. పిల్లవాడూ అన్నాడు.

ఆ వెంటనే వాడు, "నానా, డైనోసార్లు నిజంగా ఉండేవా? ఖుర్ఆన్‌లో ఉన్నాయా?" అని అడిగాడు. ఈ ప్రశ్న మదరసాలోనూ వింటూనే ఉంటాను. మనకు తెలియనివెన్నింటినో అల్లాహ్ సృష్టిస్తాడని దివ్య ఖుర్ఆన్ చెబుతుంది. భూమిపై సంచరించి సృష్టి ఎలా ఆరంభమయిందో చూడమనీ ఆదేశిస్తుంది. చూడడానికి మనం అమెరికా పోనక్కరలేదు. టైటానోసారస్ అన్న పేరే 1877లో మన దేశపు జబల్‌పూర్‌లో దొరికిన ఎముకలకు పెట్టినది. ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి వద్ద మన భూగర్భశాస్త్రజ్ఞులు త్రవ్వి తీసిన కోటాసారస్ అస్థిపంజరం హైదరాబాదు బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబడి ఉంది. సినిమా వెతికే మూడింటిలో నిజానికి డైనోసార్ ఒక్కటే. సముద్రజీవి గాని, ఎగిరే జీవి గాని ఆ జాతికి చెందినవి కావు. ఇది పిల్లలకు చెప్పండి, సంతోషిస్తారు.

ఇక నేను అసలు చెప్పదలచినది సినిమా మొదటి అయిదు నిమిషాల గురించి.

పదిహేడేళ్ల క్రితం అదే దీవిలో ఒక ప్రయోగశాల. జన్యువులు కలిపి తయారు చేసిన ఒక వికృత జంతువును అద్దాల వెనుక బంధించి ఉంచారు. రక్షణ దుస్తులు తొడుక్కుంటూ ఒక ఉద్యోగి చాక్లెట్ తింటాడు. దాని కాగితం జారి పడిపోతుంది. గాలి దానిని తలుపు యంత్రంలోకి లాగుతుంది. యంత్రం మొరాయిస్తుంది, తలుపుల వ్యవస్థ విఫలమవుతుంది, జంతువు బయటపడుతుంది. తలుపు అవతల ఒక ఉద్యోగి చిక్కుకుపోతాడు. అక్కడ దుర్మార్గుడు లేడు, కుట్ర లేదు. ఉన్నది ఒక కాగితం ముక్క, 'ఏమవుతుందిలే' అన్న ఒక క్షణం.

ఆ దృశ్యం చూస్తూ ఆ సోదరి భర్త గుర్తుకు వచ్చాడు. 2025 జూన్ 30, సోమవారం ఉదయం పాశమైలారం పారిశ్రామికవాడలో మందులకు కావలసిన ముడిపదార్థం తయారు చేసే ఒక కర్మాగారంలో పేలుడు జరిగింది. ఈ సినిమా మన థియేటర్లకు రావడానికి సరిగ్గా నాలుగు రోజుల ముందు. మరణించినవారూ, ఆచూకీ దొరకనివారూ కలిసి యాభై మందికి పైగానే. బీహారు, ఒడిశా, ఉత్తరప్రదేశ్ నుండి బ్రతుకుతెరువుకు వచ్చినవారు వారిలో అనేకులు. కారణమేమిటన్నది విచారణలు తేల్చవలసిన విషయం, నేను చెప్పగలిగినది కాదు.

ఆ వారంలో మా మదరసా నుండి కొందరం పటాన్‌చెరు ప్రభుత్వ ఆసుపత్రి దగ్గరకు నీళ్లు, రొట్టెలు తీసుకుపోయాం. హిందీ తప్ప మరో భాష రానివారికి తెలుగు కాగితాలు చదివి వినిపించడమే నేను చేయగలిగిన పని. దేహాలు గుర్తుపట్టే స్థితిలో లేవు. అందుకని తండ్రులు, అన్నదమ్ములు, కొడుకులు డీఎన్ఏ పరీక్షకు రక్తం ఇచ్చి రోజుల తరబడి నిరీక్షించారు. ఎవరు ఏ మతంవారని అక్కడ ఎవరూ అడగలేదు. ఒక ముసలాయన చేతిమీద దూది అదుముకుని, "నా కొడుకు దొరకాలంటే నా నెత్తురు చాలునా?" అని నన్ను అడిగాడు. సినిమాలో కథానాయిక జంతువు రక్తం ఒక గొట్టంలో పట్టి విజయగర్వంతో నవ్వినప్పుడు, నేను రిమోటు నొక్కి కాసేపు ఆపవలసి వచ్చింది.

సినిమాలోని పెద్ద లోపం ఇక్కడే ఉంది. కాగితం ముక్కతో అంత నిజం చెప్పి, వెంటనే దానిని మరచిపోయింది. తరువాత తప్పంతా క్రెబ్స్ అనే ఒక్క కంపెనీ ప్రతినిధి నెత్తిన పెట్టింది. పడవ అంచున వేలాడుతున్న అమ్మాయికి చేయి అందించడు, చివరకు నమూనాల కోసం తుపాకీ ఎత్తుతాడు, ఆ వికృత జంతువు నోట పడతాడు. ప్రేక్షకుడు తృప్తిగా ఊపిరి పీల్చుకుంటాడు. మన పారిశ్రామికవాడలో బ్రతికేవారికి తెలుసు, ప్రమాదం అలా ఒక్క మనిషి ముఖం తగిలించుకుని రాదు. మార్చని గొట్టం, మ్రోగని గంట, సంతకం పెట్టి చూడని తనిఖీ, వేడిగా ఉందని తీసి పక్కన పెట్టిన మాస్కు, ఇలా పది చేతుల మీదుగా వస్తుంది. ఒంటెను కట్టి ఆ తరువాత అల్లాహ్‌పై భారం వేయమని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) నేర్పినది ఇందుకే. బిడ్డను పోగొట్టుకున్న తల్లి తఖ్దీర్ అంటే అది విశ్వాసం. తాడు కట్టవలసినవాడు అదే మాట అంటే అది తప్పించుకోవడం.

రెండవ లోపం మనవడు పట్టుకున్నాడు. ఎగిరే జంతువు గూటి దగ్గర జట్టులోని లెక్లెర్ అనే వ్యక్తిని అది మింగేస్తుంది. క్షణంలో మిగతావాళ్లు నమూనా సంపాదించి ముందుకు సాగిపోతారు. "నానా, ఆయన ఇంట్లో ఎవరూ లేరా? ఎవరూ ఏడవరేం?" అన్నాడు. కథానాయికకూ, పడవ నడిపే డంకన్‌కూ పాత దుఃఖాలున్నాయని సినిమా తీరికగా చెప్పింది, నిజమే. కాని కళ్లముందు పోయినవారి కోసం ఒక్క నిమిషం ఆగలేదు. ఉత్సాహం తగ్గుతుందని కాబోలు.

మూడవది చిన్నదే. మామూలు డైనోసార్లతో జనం విసిగిపోయారనీ, అందుకే కంపెనీ వికృత జాతులను సృష్టించిందనీ కథ ఎత్తి చూపుతుంది. సృష్టిలోని రూపాలను మార్చే దురాశను ఖండిస్తున్నదని నేను సంబరపడ్డాను. చివరి అరగంటలో చిత్రమే రెక్కల రాక్షసులనూ, ఉబ్బిన తల జంతువునూ మనమీదికి వదిలి అదే పని చేసింది! అవి చూస్తే జాలి కలగాలి. సినిమాకు మాత్రం అవి భయపెట్టే బొమ్మలు మాత్రమే.

అయినా ముగింపులో ఒక మంచి ఉంది. దొరికిన నమూనాలను కంపెనీకి అమ్మక, మందు లోకమంతటికీ చెందేలా ఇచ్చేద్దామని బ్రతికినవారు నిర్ణయించుకుంటారు. మందులు తయారయ్యే ఊళ్లో ఉంటూ, చీటీ పట్టుకుని మందుల షాపు ముందు డబ్బులు లెక్కపెట్టుకునేవారిని రోజూ చూసే మనకు ఆ మాట విలువ తెలుసు. చిత్రం దానిని ఒకటి రెండు వాక్యాలతో ముగించింది.

సోదరీ, ఇక మీ ప్రశ్న. చిన్నమ్మాయికి ఇప్పుడే వద్దు. మనుషులను మింగే దృశ్యాలు ఎక్కువ, రాత్రి నిద్రపోదు. అబ్బాయికి మీరు పక్కన ఉండి చూపించవచ్చు. పడవలో పెళ్లికాని యువతీ యువకుల వ్యవహారం, ఒకటి రెండు అసభ్యపు హాస్యాలు ఉన్నాయి. రిమోటు మీ చేతిలోనే ఉంచుకోండి. దానికంటె ముందు ఒక ఆదివారం ఇద్దరినీ బిర్లా మ్యూజియానికి తీసుకుపోండి.

ఇక భాయీసాహెబ్ లేచి వెళ్లిపోవడం సినిమా మీద కోపంతో కాదని నాకనిపిస్తోంది. ఆ సోమవారం ఆయన ఏ షిఫ్టులో ఉన్నారో మీరు వ్రాయలేదు. ఆయన మీకు చెప్పారో లేదో కూడా నాకు తెలియదు. పిల్లలు పడుకున్నాక, టీవీ కట్టేసి, ఆ ఉదయం గురించి ఒకసారి ఆయననే అడగండి. ఆయనకు ఇష్టమయితే అస్ర్ నమాజు తరువాత నేను మదరసాలోనే ఉంటాను.