నిన్నటి లెక్క ఏదీ?

పోయిన నెల మా చిన్న పైథాన్ లైబ్రరీలో ఓ ఫంక్షన్ తిరగరాశా. ఒక్కసారి రన్ చేస్తే సగం టైమే పట్టింది. ఎగిరి గంతేసి టీమ్ గ్రూప్‌లో పెట్టేశా. మర్నాడు మా సీనియర్ అడిగారు: "ఏ మెషీన్ మీద కొలిచావ్? పాత లెక్క ఎక్కడ దాచావ్?"

నోట మాట రాలేదు. పాత కోడ్ కొలిచినప్పుడు ల్యాప్‌టాప్ చార్జర్ పీకేసి ఉంది. బ్రౌజర్‌లో బోలెడు ట్యాబులు. రెండిటినీ ఒకేలా మళ్లీ కొలిస్తే తేడా దాదాపు సున్నా!

కొలవడానికీ ఓ పద్ధతుంది. పైథాన్‌తోపాటే వచ్చే 'టైమిట్' చిన్న కోడ్‌ను వేల, లక్షల సార్లు తిప్పుతుంది. ఆ మొత్తాన్ని మామూలుగా 5 సార్లు చేస్తుంది. వాటిలో సగటు కాదు, అతి తక్కువ టైమ్‌నే చూసుకోవాలి. ఎక్కువ వచ్చిన అంకెలకు కారణం చాలాసార్లు మన కోడ్ కాదు, పక్కన నడిచే వేరే ప్రోగ్రాములు.

కొలిస్తే చాలదు, దాచాలి. నంపై లైబ్రరీ వాళ్లు 'ఎయిర్‌స్పీడ్ వెలాసిటీ' అనే టూల్ వాడతారు. ఏ కమిట్‌కి ఎంత టైమ్ పట్టిందో, ఏ మెషీన్‌లో కొలిచారో అది జేసన్ ఫైళ్లలో రాసిపెడుతుంది. వేగం ఎక్కడ పడిపోయిందో గ్రాఫ్‌లో ఇట్టే దొరికిపోతుంది.

ఇప్పుడు నాకూ అలాంటి ఫోల్డర్ ఉంది. మొన్న 'సూపర్ ఫాస్ట్' అని మెసేజ్ టైప్ చేసి, పంపేముందు అది తెరిచా. కొత్త కోడే స్లో! మెసేజ్ చెరిపేశా. కోడ్ కూడా.