'ఫుల్ ఫ్రేమ్' అనే బిరుదును గూర్చి

ఛాయాచిత్రకళ మీద మక్కువ గల మిత్రుల నడుమ ఈ మధ్య ఒక మాట వేదవాక్యంలా చెల్లుబాటవుతున్నది. "ఎన్నాళ్లండీ ఆ చిన్న సెన్సరుతో కాలక్షేపం? ఫుల్ ఫ్రేమ్‌కు మారండి" అని. అన్నవారు చేయి తిరిగినవారే కావచ్చు. అయినా ఆ మాటను నేను అంగీకరించను. వృత్తిగా చేసేవారి సంగతి వేరు. వారికి కెమెరా నాగలి వంటిది, దాని ఖర్చు పంట తీరుస్తుంది. సెలవురోజున సరదాకు బొమ్మలు తీసుకునే మనవంటివారికి మాత్రం ఈ ఉపదేశం వల్ల మేలు కంటె కీడే ఎక్కువ జరుగుతున్నదని నా పక్షం.

తెలుగు పండితుణ్ణి గనుక నాకు పేచీ శబ్దం దగ్గరే మొదలవుతుంది. 'ఫుల్' అంటే సంపూర్ణం. దేనితో పోల్చి సంపూర్ణం? ఆ సెన్సరు కొలత 36 మిల్లీమీటర్ల పొడవు, 24 మిల్లీమీటర్ల వెడల్పు. ఇది బ్రహ్మ వ్రాసిన కొలత కాదు. జర్మనీలో లైట్జ్ సంస్థలో పనిచేసిన ఆస్కార్ బార్నాక్ 1913 ప్రాంతంలో సినిమా ఫిలిమును అడ్డంగా నడిపి, 18కి 24గా ఉన్న సినిమా చట్రాన్ని రెట్టింపు చేసుకొని కల్పించుకున్న సౌకర్యం. ఆ కెమెరాయే 1925లో లైకా పేరిట లోకానికి వచ్చింది. ఆనాటివారు ఈ తరగతి కెమెరాలను 'మినియేచర్' అన్నారు, అనగా బొమ్మరిల్లు వంటిదని. ఆరవ నిజాం ఆస్థాన ఛాయాగ్రాహకుడైన రాజా దీన్‌దయాళ్ గాజుపలకల మీద తీసిన చిత్రాల పక్కన పెడితే ఈ 'సంపూర్ణం' తపాలా బిళ్లంత. నేటికీ ఫ్యూజీవారు 44కి 33 మిల్లీమీటర్ల సెన్సరుతో కెమెరాలు అమ్ముతూనే ఉన్నారు. వారి ముందు మన సంపూర్ణం అసంపూర్ణం కాదా?

ఇక రెండవ శబ్దం 'క్రాప్'. ఏపీఎస్-సీ అనే చిన్న సెన్సరు కెమెరాకు ఈ పేరు తగిలించారు. మనకు క్రాపు అంటే మంగలి చేసేది. ఇక్కడ కత్తిరింపుకు గురైనదేమిటి? ఆ సెన్సరు కోసమే రూపొందిన లెన్సు దానిని అంచు నుంచి అంచు వరకు నింపుతుంది, ఏదీ తెగిపోదు. ఒకదానికి 'నిండు' అని, మరొకదానికి 'తెగినది' అని నామకరణం చేసిన తరువాత బేరం ఎటు మొగ్గుతుందో వేరే చెప్పాలా? వాదం పేరులోనే ముగిసిపోయింది.

శబ్దం అయింది, అర్థానికి వద్దాం. పెద్ద సెన్సరు వైశాల్యం చిన్నదానికి సుమారు రెండుంబావు రెట్లు. ఒకే ఎఫ్ సంఖ్య, ఒకే షట్టరు వేగం పెట్టి ఒకే దృశ్యాన్ని తీస్తే పెద్దదాని మీద అన్ని రెట్లు ఎక్కువ వెలుగు పడుతుంది కనుక చీకటిలో రవ్వ తక్కువ వస్తుంది. ఇది నిజం, కాదనను. అయితే "ఒకే ఎఫ్ సంఖ్య" అనే షరతును ఎవరూ గట్టిగా చదవరు. వెలుగు వచ్చేది సెన్సరులో నుంచి కాదు, లెన్సు కన్నంలో నుంచి.

నా దగ్గర చదువుకున్న ఒక కుర్రవాడు వాయిదాల మీద ఫుల్ ఫ్రేమ్ కెమెరా కొన్నాడు. దానితో పాటు వచ్చిన చిన్న జూమ్ లెన్సు తప్ప మరొకటి కొనే తాహతు మిగలలేదు. "మాస్టారూ, ఇంత పెట్టి కొన్నాను, రాత్రిపూట తీస్తే పాత కెమెరాలో లాగే రవ్వ రవ్వగా వస్తోందేమిటండీ" అని ఫోను చేశాడు. ఆ లెన్సు 50 మిల్లీమీటర్ల వద్ద ఎఫ్ 6.3కు మించి తెరుచుకోదు. 50ని 6.3తో భాగిస్తే కన్నం వ్యాసం 8 మిల్లీమీటర్లకు కాస్త తక్కువ. వాడు అమ్మేసిన పాత చిన్న కెమెరాకు ఎఫ్ 2.8 జూమ్ ఒకటి ఉండేది. అదే దృశ్యానికి అందులో 33 మిల్లీమీటర్లు చాలు, 2.8తో భాగిస్తే కన్నం 12 మిల్లీమీటర్లకు కొంచెం తక్కువ. వ్యాసం ఒకటిన్నర రెట్లయితే వైశాల్యం రెండుంబావు రెట్లు. అంటే వాడు అప్పు చేసి, నెలనెలా వాయిదా కట్టి, అంతకు ముందున్న వెలుగులో సగం కూడా మిగుల్చుకోలేదు! అంగడివాడు ఈ లెక్క చెప్పడు. వాడి ధర్మం అది కాదనుకుందాం. కొనమని ఊదరగొట్టిన రసజ్ఞులైనా చెప్పవద్దూ?

లోతైన దృశ్యాలలో మరొక చిక్కు ఉన్నది. రామప్ప గుడిలో ముందరి స్తంభం మొదలుకొని గర్భగుడి ద్వారం దాకా అంతా స్పష్టంగా రావాలనుకోండి. చిన్న సెన్సరులో ఎఫ్ 5.6 చాలిన చోట పెద్దదానిలో ఎఫ్ 8 దాకా మూయాలి. మూస్తే వెలుగు తగ్గె, ఐఎస్ఓ పెంచక తప్పదాయె. ఒక చేత్తో ఇచ్చిన లాభాన్ని మరొక చేత్తో తీసుకున్నట్లయింది.

పూర్వపక్షానికి దక్కవలసిన న్యాయం కూడా దక్కాలి. లేపాక్షి వీరభద్రాలయం పైకప్పు చిత్రాల వంటి చోట పెద్ద సెన్సరు నిజంగా గెలుస్తుంది. అక్కడ ఫ్లాష్ వాడరాదు, ట్రైపాడు నిలపాలంటే పురావస్తు శాఖ అనుమతి కావాలి, వెలుతురు అంతంత మాత్రం. అయితే చిత్రం చదునైనది, లోతు అక్కర లేదు గనుక మంచి లెన్సును పూర్తిగా తెరిచి చేత్తోనే తీయవచ్చు. కూచిపూడి నాట్యరంగం మీద కదిలే పాదాలకూ ఇదే న్యాయం. పాత ఫిలిం కెమెరాల లెన్సులు పెట్టెలో దాచుకున్నవారికి అవి వెనుకటి దృక్కోణంతోనే మళ్లీ పనికిరావడం కూడా లాభమే. ఈ మూడింటిలో ఒకటి మీ నిత్యకృత్యమైతే నిస్సందేహంగా కొనండి. నేను అడ్డు రాను.

పక్షుల కోసం నేలపట్టుకో, ఉప్పలపాడుకో పోయేవారు మాత్రం కొనేముందు ఆగాలి. చెట్టు మీది గూడబాతు దూరంలోనే ఉంటుంది, మన మాట విని దగ్గరకు రాదు. 300 మిల్లీమీటర్ల లెన్సును 24 మెగాపిక్సెళ్ల ఫుల్ ఫ్రేమ్‌కు తగిలించి, చిన్న సెన్సరు చూపేంత మేరకు కత్తిరిస్తే మిగిలేది సుమారు 10 మెగాపిక్సెళ్లు. అదే లెన్సు 24 మెగాపిక్సెళ్ల చిన్న కెమెరా మీద అదే మేరకు మొత్తం 24ను ఇస్తుంది. ఆ లోటు పూడ్చాలంటే 450 మిల్లీమీటర్ల లెన్సు కావాలి. దాని ధర ఒక ఎత్తు, బరువు మరొక ఎత్తు. అరవై దాటిన మణికట్టుకు ఆ బరువు తెలుస్తుంది.

ఇక నాకు అన్నిటికంటె కష్టం కలిగించేది ఆ 'వెనుక అంతా కరిగిపోవడం' మీది వ్యామోహం. పెద్ద సెన్సరు కొనేవారిలో సగానికి సగం మంది ఇందుకే కొంటున్నారేమో అనిపిస్తుంది. మంగళగిరి నేతకారుడి ముఖం తీస్తారు, అతని వెనుక మగ్గం పాలనురుగులా కరిగిపోతుంది. మన ఆలంకారికులు ఆలంబన విభావంతో తృప్తి పడలేదు, ఉద్దీపన విభావం కూడా ఉండాలన్నారు. నాయకుడు ఒక్కడే ఉంటే రసం పుట్టదు, చోటు, కాలం, పరిసరం తోడు కావాలి. గుంటమగ్గం కనబడని నేతకారుడు ఎవరైనా కావచ్చు, బ్యాంకు గుమాస్తా అయినా కావచ్చు. లక్ష రూపాయలు పోసి ఉద్దీపనను చెరిపివేయడం నాకు ఎంతమాత్రం బోధపడదు. పైగా "ఫుల్ ఫ్రేమ్‌లో పర్‌స్పెక్టివ్ వేరండీ" అంటారు. పర్‌స్పెక్టివ్ నిలబడిన చోటును బట్టి వస్తుంది. ఇది కెమెరా పుట్టకముందే చిత్రకారులకు తెలుసు.

పెద్ద అచ్చు కోసమంటారా? స్టూడియోలలో వేసే 12కి 18 అంగుళాల అచ్చుకు, అంగుళానికి 300 చుక్కల లెక్కన, 3600కి 5400 పిక్సెళ్లు చాలు. 24 మెగాపిక్సెళ్ల చిన్న కెమెరాలో అంతకు మించే ఉన్నాయి. మనలో ఏడాదికి అటువంటి అచ్చులు పది వేయించేవారెందరు?

కనుక చేతిలో డబ్బున్నవారు ముందు మంచి లెన్సు కొనండి, తరువాత ప్రయాణాలకు ఖర్చు పెట్టండి. అప్పటికీ మిగిలితే ఆ పెద్ద కెమెరా సంగతి ఆలోచించండి. పైన చెప్పిన కుర్రవాణ్ణి కెమెరా అమ్మవద్దన్నాను, సగం ధరకు పోతుంది. 50 మిల్లీమీటర్ల ఎఫ్ 1.8 లెన్సు ఒకటి కొనుక్కోమన్నాను. అందులో కన్నం 28 మిల్లీమీటర్లకు కాస్త తక్కువ. వాయిదాలు ఇంకా పదకొండు ఉన్నాయట, అవి తీరాక కొంటానన్నాడు.

ఈ విషయంలో నాతో విభేదించే మిత్రులు లేకపోలేదు. వారు దయచేసి 'అనుభూతి', 'లుక్కు' అనే మాటలు పక్కన పెట్టి, ఏ లెన్సుతో, ఏ ఎఫ్ సంఖ్య వద్ద, ఏ వెలుతురులో తేడా కనిపించిందో వ్రాయగోరుతాను.