సూరత్‌లో ఏకగ్రీవమైంది ఎవరి గొంతు?

2024 ఏప్రిల్ 22 సాయంత్రం మా ఇంట్లో తెలుగు వార్తలు నడుస్తున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో అప్పుడు నామినేషన్ల జాతర. ఒక అభ్యర్థి ముహూర్తం చూసుకుని గుళ్ళో పూజ చేయించి బయలుదేరాడట, ఇంకో అభ్యర్థి రాహుకాలం దాటేదాకా కారులోనే కూర్చున్నాడట. యాంకరమ్మ ఇదంతా మహా సంబరంగా చెబుతోంది. కింద పరుగెత్తే అక్షరాల్లో మాత్రం ఒక ముక్క కనిపించి మాయమైంది. సూరత్ లోక్‌సభ స్థానం ఏకగ్రీవం, బీజేపీ ఖాతా తెరిచింది, అని.

నేను రక్షణ శాఖ లెక్కల విభాగంలో ముప్ఫై ఏళ్ళకు పైగా పనిచేసి రిటైరైన వాడిని. చదివింది బీకాం. నాకు తెలిసిన లెక్కల్లో ఖాతా తెరవాలంటే ఎంతో కొంత జమ ఉండాలి. సూరత్‌లో ఒక్క ఓటు జమ పడకుండానే ఖాతా తెరుచుకుంది. జన్‌ధన్ ఖాతా అనుకోవాలి కాబోలు!

ముందు జరిగిందేమిటో చెబుతాను, ఎందుకంటే మన తెలుగు మిత్రుల్లో చాలామందికి ఇది పూర్తిగా తెలియదు. కాంగ్రెస్ అభ్యర్థి నీలేశ్ కుంభాణీ. ఆయన నామినేషన్ పత్రాల మీద ప్రతిపాదకులుగా సంతకాలు చేసినవాళ్ళు ఆయన బంధువులూ, వ్యాపార భాగస్వామీ. ఆ సంతకాలు మావి కావని ఆ ముగ్గురే అఫిడవిట్లు ఇచ్చారు. వాళ్ళను తీసుకురమ్మని రిటర్నింగ్ అధికారి గడువిస్తే అభ్యర్థి తీసుకురాలేకపోయాడు. ఏప్రిల్ 21న నామినేషన్ కొట్టేశారు. కాంగ్రెస్ డమ్మీ అభ్యర్థి పత్రమూ అదే దారి పట్టింది. మర్నాడు, ఉపసంహరణకు ఆఖరి రోజున, మిగిలిన ఎనిమిది మంది, బహుజన్ సమాజ్ పార్టీ అభ్యర్థితో సహా, అందరూ తప్పుకున్నారు. బీజేపీకి చెందిన ముకేశ్ దలాల్ ఎంపీ అయిపోయాడు. కాంగ్రెస్ పార్టీ తన అభ్యర్థిని కొద్ది రోజుల తర్వాత ఆరేళ్ళు సస్పెండ్ చేసి చేతులు దులుపుకుంది. సొంత అభ్యర్థి ప్రతిపాదకులెవరో చూసుకోలేని పార్టీ మీద నాకు జాలి లేదు, ఆ సంగతి ఇక్కడే చెప్పేస్తున్నాను.

సంతకాలు సరిపోలకపోతే కాగితం వెనక్కి పంపడం నేను జీవితమంతా చేసిన పని. నమూనా సంతకం ఒకలా, బిల్లు మీద సంతకం ఒకలా ఉంటే కల్నలైనా సరే బిల్లు ఆగాల్సిందే. కాబట్టి పత్రం కొట్టేసినందుకు ఆ అధికారిని నేను తిట్టబోవడం లేదు. ఎనిమిది మంది తప్పుకోవడమూ చట్టం ఇచ్చిన హక్కే. వాళ్ళు ఎందుకు తప్పుకున్నారన్నదాని మీద ఊళ్ళో రకరకాల కథలు నడిచాయి. ఋజువు లేని కథను బాబాల విషయంలో ఒప్పుకోని మనం ఇక్కడ మాత్రం ఎందుకు ఒప్పుకోవాలి? వాటిని పక్కన పెడుతున్నాను.

కానీ ఆడిట్‌లో పండిన వాళ్ళకు ఒక సంగతి తెలుసు. ఒక్కోసారి ఫైల్లో ఇండెంటు సరిగ్గా ఉంటుంది, సప్లై ఆర్డరు సరిగ్గా ఉంటుంది, ఇన్‌స్పెక్షన్ నోటు సరిగ్గా ఉంటుంది, బిల్లు మీద ముద్రలన్నీ ఉంటాయి. గోడౌన్‌కి వెళ్ళి చూస్తే సరుకు మాత్రం ఉండదు. సూరత్‌లో ప్రతి కాగితమూ సరిగ్గానే ఉంది. లేనిది ఎన్నిక.

1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టంలో 53వ సెక్షన్ రెండో ఉపవిభాగం ఉంది. ఉన్న సీట్లెన్నో నిలబడ్డ అభ్యర్థులూ అంతమందే అయితే రిటర్నింగ్ అధికారి వెంటనే ఫలితం ప్రకటించాలి అంటుందది. ఇలా లోక్‌సభకు వెళ్ళినవాళ్ళు పాత రోజుల్లో చాలామందే ఉన్నారు. 2012లో కనౌజ్ ఉప ఎన్నికలో డింపుల్ యాదవ్ కూడా ఇలాగే ఎన్నికయ్యారు. అప్పుడు పక్కకు జరిగింది మిగతా పార్టీలు. కాబట్టి ఇది ఒక్క పార్టీ పాపం అనే వాళ్ళతో నేను కలవను. మన తెలుగువాళ్ళకైతే 1991 నంద్యాల ఉప ఎన్నిక గుర్తుండే ఉంటుంది. పి.వి. నరసింహారావు మీద తెలుగువాడనే గౌరవంతో ఎన్టీఆర్ అభ్యర్థిని పెట్టలేదు. అయినా బీజేపీ నుంచి బంగారు లక్ష్మణ్ నిలబడ్డారు. పీవీ సుమారు 5 లక్షల 80 వేల మెజారిటీతో గెలిచారు. ఓట్లు పడ్డాయి గనకనే ఆ అంకె అప్పట్లో రికార్డు అయింది. పోటీ లేకుండా వదిలేసి ఉంటే ఆ గౌరవం ఎంతో కొలవడానికి పీవీకి కూడా ఏ అంకే మిగిలేది కాదు.

ఇక 'ఏకగ్రీవం' అన్న మాట సంగతి. గ్రీవం అంటే మెడ, గొంతుండేది అక్కడే. అందరూ ఒకే గొంతుతో పలికితే ఏకగ్రీవం. గుజరాతీ పత్రికలు మర్నాడు 'బిన్‌హరీఫ్' అని రాశాయి. పోటీదారు లేకుండా అని దానర్థం. వాళ్ళ మాట కనీసం నిజం చెప్పింది. మన మాట అబద్ధం చెప్పింది. 2019 జాబితాలోనే 16 లక్షలు దాటిన ఓటర్లలో ఒక్కరి గొంతూ పలకలేదు. ఎవరూ అడగలేదు కూడా. దీన్ని ఏకగ్రీవం అనడమంటే, మూగనోము పట్టిన ఇంట్లో అందరూ ఒకే మాట మీద ఉన్నారనడం లాంటిది.

ఈ జబ్బు మనకు ఊళ్ళనుంచే ఉంది. సర్పంచ్ పదవిని రచ్చబండ దగ్గర వేలంపాట పెట్టి, ఎక్కువ పాడినవాడి డబ్బుతో గుడి కట్టుకుని, మా ఊరు ఏకగ్రీవం అని ఫోటోలు దిగే గ్రామాలను మన పత్రికలు ఆదర్శ గ్రామాలుగా రాయలేదా? ప్రభుత్వాలు దానికి బహుమానం కూడా పెట్టాయి. 2021లో ఆంధ్రప్రదేశ్‌లో జనాభాను బట్టి 5 లక్షల నుంచి 20 లక్షల వరకు ప్రోత్సాహకం ప్రకటించారు. ఇక్కడ గుజరాత్‌లో 2001 నుంచి 'సమరస్' గ్రామాల పేరుతో ఇదే పథకం. పోటీ అంటే గొడవ, గొడవ లేకపోవడమే మంచితనం అని ప్రజలకు నూరిపోశారు. భర్త ఎదుట నోరెత్తని భార్యను ఉత్తమ ఇల్లాలు అన్నట్టే ఇదీను.

నాతో అప్పుడూ ఇప్పుడూ వాదించే మిత్రుడొకరు ఉన్నారు. సిరిసిల్ల నుంచి నలభై ఏళ్ళ కింద వచ్చి కతార్‌గామ్‌లో సాంచాలు పెట్టుకున్న మనిషి. మంచివాడు, కష్టజీవి. ఆయన మాట ఇది. "ఏందన్నా, ఓట్లు పడ్డా గెలిచెటోడు ఆయనే గద. గా ఎండల లైన్ల నిలబడుడు తప్పింది, సర్కారు పైసలు మిగిలినయి."

ముందు పైసల సంగతి చూద్దాం, అది నా సబ్జెక్టు గనక. సరుకు కొనకుండా మిగిల్చిన డబ్బును ఏ లెక్కల అధికారీ పొదుపు అని రాయడు. మంజూరైన పని జరగలేదని రాస్తాడు. జవానుకు బూట్లు కొనకుండా డబ్బు మిగిలిందని చెబితే మా ఆఫీసులో చప్పట్లు కొట్టేవాళ్ళు కాదు, సంజాయిషీ అడిగేవాళ్ళు.

రెండోది అసలు వాదన. గెలిచేవాడే కదా! నిజమే, బహుశా గెలిచేవాడే. 1989 నుంచి సూరత్ బీజేపీ చేతిలోనే ఉంది. 2019లో మెజారిటీ ఐదున్నర లక్షల దరిదాపుల్లో ఉంది. నన్ను పందెం వేయమంటే నేనూ బీజేపీ మీదే వేసేవాణ్ణి. కానీ మిత్రులారా, 'పరీక్ష పెట్టినా నెగ్గేవాడే' అన్నది మనం ఎక్కడ విన్న మాట? 1976లో బెంగళూరు విశ్వవిద్యాలయం ఉపకులపతి హెచ్. నరసింహయ్య కమిటీ వేసి, మీ మహిమలు పరిశోధన ముందు చూపించండని పుట్టపర్తి సాయిబాబాకు ఉత్తరాలు రాస్తే, బాబా ఒప్పుకోలేదు. భక్తులేమన్నారు? స్వామికి పరీక్షలెందుకు, తలుచుకుంటే చూపించలేరా అన్నారు. దానిమీద మనం ఎన్ని సభలు పెట్టాం, ఎన్ని కరపత్రాలు పంచాం! కూర్చోని పరీక్షలో నెగ్గినట్టు రాసుకోవడాన్ని బాబా విషయంలో ఒప్పుకోని మనలోనే కొందరు, సూరత్ విషయంలో 'ప్రాక్టికల్‌గా ఆలోచించండి' అన్నారు. నాకు అన్నిటికన్నా బాధ కలిగించింది అదే.

ముందే తెలిసిన ఫలితాల గతి ఏమవుతుందో అదే 2024లో చూశాం. ఏప్రిల్ 9 ఉగాదికి తెలుగు రాష్ట్రాల్లో పార్టీకొక పంచాంగ శ్రవణం జరిగింది. ఏ ఆఫీసులో చదివిన పంచాంగంలో ఆ నాయకుడికి రాజయోగం. గ్రహాలు కూడా కండువా చూసి తిరుగుతాయి కాబోలు. ఎగ్జిట్ పోల్స్ నిషేధం ఉన్న రోజుల్లో జ్యోతిష్యుల జోస్యాలు కూడా ప్రసారం చేయొద్దని 2017లోనే ఎన్నికల సంఘం మీడియాకు చెప్పింది. ఎవరు వింటారు! జూన్ 1న శాస్త్రీయమని చెప్పుకునే ఎగ్జిట్ పోల్స్ వచ్చాయి. కొన్ని ఎన్డీయేకి 400 దాకా ఇచ్చాయి. జూన్ 4న వచ్చినవి 293. బీజేపీకి సొంతంగా 240. పంచాంగం తప్పిందో, సర్వే తప్పిందో మనకు తెలిసింది ఓట్లు పడి, వాటిని లెక్కపెట్టారు కనకనే. సూరత్ నగరపాలక సంస్థకు 2021లో జరిగిన ఎన్నికల్లో 120 సీట్లలో 27 ఆమ్ ఆద్మీ పార్టీకి పోయి, కాంగ్రెస్‌కి సున్నా వచ్చింది. అదీ పెట్టెలు తెరిస్తేనే తెలిసింది.

ఓడిపోయే ఓటుకు విలువేమిటి అంటారా? ఇండోర్ చూడండి. అక్కడా అదే సీజన్‌లో, ఏప్రిల్ 29న, కాంగ్రెస్ అభ్యర్థి అక్షయ్ కాంతి బమ్ నామినేషన్ ఉపసంహరించుకుని బీజేపీలో చేరిపోయాడు. కానీ మిగతా చిన్న అభ్యర్థులు కొందరు నిలిచారు గనక పోలింగ్ జరిగింది. బీజేపీ 11 లక్షల 75 వేల మెజారిటీతో గెలిచింది. అదే చోట నోటాకు 2,18,674 ఓట్లు పడ్డాయి. దేశంలో నోటాకు ఎప్పుడూ అన్ని రాలేదు. గెలుపు గెలుపే. కానీ రెండు లక్షల పైచిలుకు జనం ఇది మాకు నచ్చలేదు అన్న సంగతి రికార్డుల్లోకి ఎక్కింది. సూరత్‌లో నచ్చినవాళ్ళు ఎందరో, నచ్చనివాళ్ళు ఎందరో చెప్పే కాగితమే లేదు. ముకేశ్ దలాల్‌ను నిజంగా ఇష్టపడే లక్షలమందికి కూడా అన్యాయమే జరిగింది. ఆయనకు ఎంతమంది మద్దతుందో చూపించే అవకాశం వాళ్ళకూ పోయింది.

నోటా మనకు ఊరికే రాలేదు. పీయూసీఎల్ సుప్రీంకోర్టులో వేసిన కేసు మీద 2013 సెప్టెంబరులో తీర్పు వస్తే వచ్చింది. ఆ పీయూసీఎల్‌ను నిలబెట్టిన వాళ్ళలో వి.ఎం. తార్కుండే ఒకరు. ఎం.ఎన్. రాయ్ శిష్యుడు, రాడికల్ హ్యూమనిస్టు, మన మనిషి. జయప్రకాశ్ నారాయణ్ పూనికతో ఎన్నికల సంస్కరణల మీద 1970లలోనే వేసిన కమిటీకి అధ్యక్షుడు ఆయనే. ఇష్టం లేదని చెప్పే హక్కు కూడా ఓటులో భాగమేనని కోర్టు ఒప్పుకున్నాక, ఒక్క అభ్యర్థి మిగిలినంత మాత్రాన ఆ హక్కు ఎలా ఆవిరైపోతుంది? ఒక్కడే ఉన్నా, ఆయనా నోటా ఉన్న యంత్రం పెట్టి ఓటు వేయించవచ్చు కదా. మహారాష్ట్ర, హర్యానా రాష్ట్ర ఎన్నికల సంఘాలు 2018లో స్థానిక ఎన్నికల్లో నోటాను అభ్యర్థి లాగే లెక్కించే ఏర్పాటు చేశాయి. 53వ సెక్షన్‌ను ప్రశ్నిస్తూ విధి సెంటర్ వేసిన పిటిషన్ విచారణలో 2025లో సుప్రీంకోర్టు కూడా, ఒక్కడే నిలబడ్డప్పుడు కనీసం ఇన్ని ఓట్లు రావాలని పెట్టకూడదా అని అడిగింది. నోటా అభ్యర్థి కాదు, చట్టం ఒప్పుకోదు అన్నది ఎన్నికల సంఘం వాదన. చట్టం ఒప్పుకోకపోతే చట్టాన్ని మార్చమనే కదా అడుగుతున్నది!

అన్నట్టు, నేనుండే భేస్తాన్ సూరత్ నగరంలోనే ఉన్నా, లోక్‌సభకు నవసారి కిందికి వస్తుంది. అంచేత 2024 మే 7న నాకు ఓటు ఉంది. ఉధ్నా దాటి ఉత్తరానికి పోతే నగరంలో సగానికి లేదు. ఒకే మునిసిపాలిటీ, ఒకే నల్లా నీళ్ళు, ఒకే ఆస్తి పన్ను, సగం ఊరికి ఎన్నిక, సగం ఊరికి సెలవు. పొద్దున్నే బడిలో లైన్లో నిలబడ్డాను. నా ముందు ఒడిశా నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన మగ్గం కార్మికులు, వెనక మరాఠీ ఆడవాళ్ళు. అందరికీ చెమటలే, ఎవరూ విసుక్కోలేదు. సి.ఆర్. పాటిల్ 7 లక్షల 73 వేల మెజారిటీతో గెలిచారు. నా ఓటు గెలవలేదు, అంతవరకు చెబుతాను. ఓడిపోయిన రెండున్నర లక్షల పైచిలుకు ఓట్లలో అదొకటిగా ప్రభుత్వ రికార్డులో ఉంది, నాకది చాలు.

ఆ సిరిసిల్ల మిత్రుడి మనవరాలికి అప్పుడే పద్దెనిమిది నిండి కార్డు వచ్చింది. మొదటి ఓటు కోసం కాలేజీలో స్నేహితురాళ్ళతో కలిసి పోయే ప్రణాళిక వేసుకుందట. మే 7 సాయంత్రం తాత ఫోన్ తీసుకుని నాతో మాట్లాడింది. పార్టీల సంగతి ఏమీ అడగలేదు. "తాతా, వేలి మీద ఆ సిరా ఎన్ని రోజులు ఉంటది?" అని అడిగింది. చూసి చెబుతానన్నాను. గోరు మీద గీత పూర్తిగా పోవడానికి నాకు ఐదు వారాలు పట్టింది. ఫోన్ చేసి చెప్పాను.