9 గంటల 12 నిమిషాల తర్వాత

బిర్యానీ ఆర్డర్ పెడితే డెలివరీ అబ్బాయి ఏ సందులో తిరుగుతున్నాడో ఫోన్లో కనిపిస్తుంది. అలాంటిది 29 మంది ఉన్న విమానం ఎలా మాయమైపోతుందిరా? 2016 జులైలో మా బాబాయ్ నన్నడిగిన ప్రశ్న ఇది. అప్పుడు నేను ఇంజినీరింగ్ చదువుతున్నా కాబట్టి ఇంట్లో అన్నింటికీ నేనే నిపుణుణ్ణి. "జీపీఎస్ ఉంటుంది కదా బాబాయ్, రెండ్రోజుల్లో దొరికేస్తుంది" అని ధీమాగా చెప్పేశాను. దొరకడానికి ఏడున్నరేళ్ళు పట్టింది.

ఆ రోజు జులై 22, శుక్రవారం. ఉదయం ఎనిమిదిన్నరకి చెన్నై పక్కనున్న తాంబరం నుంచి వాయుసేన ఏఎన్-32 విమానం పోర్ట్‌బ్లెయిర్‌కి బయలుదేరింది. 9 గంటల 12 నిమిషాలకి, చెన్నైకి తూర్పున 151 నాటికల్ మైళ్ళ దూరంలో రాడార్ మీంచి పోయింది. అప్పటిదాకా 23 వేల అడుగుల ఎత్తులో ఉన్నది ఎడమవైపు తిరిగి, గబగబా కిందికి దిగడం మొదలుపెట్టింది. అంతే. ఆపదలో ఉన్నామన్న కబురు ఒక్కటీ రాలేదు. లోపలున్న వాళ్ళలో 8 మంది మన విశాఖపట్నం నేవల్ ఆర్మమెంట్ డిపో ఉద్యోగులు. యుద్ధానికి వెళ్ళినవాళ్ళు కాదు, డ్యూటీ మీద అండమాన్ వెళ్తున్న సివిలియన్లు.

ఇప్పుడు మా బాబాయ్ ప్రశ్నకి సరైన జవాబు చెప్పాలి. మనందరం చేసే పొరపాటు ఏంటంటే, జీపీఎస్ మనల్ని కనిపెట్టి ఉంటుందనుకోవడం. జీపీఎస్‌కి మనమెవరో కూడా తెలీదు. ఉపగ్రహాలు పైనుంచి సంకేతాలు పంపుతాయి, వాటిని విని "నేను ఫలానాచోట ఉన్నాను" అని లెక్కేసుకునేది మన చేతిలోని ఫోన్. ఆ సంగతి డెలివరీ కంపెనీకి చేరవేసేది సెల్ టవర్. సముద్రం మధ్యలో టవరుండదు. విమానానికి తానెక్కడుందో తెలిసినా, ఆ మాట ఇంకొకరికి చెప్పాలంటే రేడియో కావాలి, వినేవాడు కావాలి.

మరి రాడార్? అది చూపులాంటిది, భూమి గుండ్రంగా ఉంది. కాగితం మీద లెక్కేసి చూశాను. అంత దూరంలో 23 వేల అడుగుల ఎత్తు విమానం తీరంలోని రాడార్‌కి బాగానే కనిపిస్తుంది. అదే రమారమి 15 వేల అడుగుల కిందికి దిగితే భూమి వంపు అడ్డొస్తుంది. అంటే ఆఖరి నిమిషాలు, మనకి అసలు తెలియాల్సిన నిమిషాలు, చూపుకి అందని చోట గడిచాయి.

ఇదే బంగాళాఖాతంలో అంతకు ఏడాది ముందే ఇంకో చిన్న విమానం తప్పిపోయింది. 2015 జూన్ 8 రాత్రి, కోస్ట్‌గార్డ్ డోర్నియర్, ముగ్గురు సిబ్బంది. దాన్ని నెల రోజుల్లో కనుక్కున్నారు. కారణం ఒక చిన్న గొట్టంలాంటి పరికరం. నీళ్ళు తగలగానే 37.5 కిలోహెర్ట్జ్ దగ్గర టిక్కు టిక్కుమంటూ కొట్టుకుంటుంది. బ్యాటరీ దాదాపు నెల వస్తుంది. మన జలాంతర్గామి సింధుధ్వజ్ ఆ చప్పుడు పట్టుకుంది. తర్వాత నీళ్ళలోకి దిగే రోబో ఉన్న ఓడని తెచ్చి బ్లాక్ బాక్స్ పైకి తీశారు.

ఏఎన్-32లో ఆ పరికరం లేదు. ఉన్నది వేరే రకం, గాలిలో రేడియో సంకేతం పంపేది. విమానం మునిగిపోతే దాని గొంతూ మునిగిపోతుంది, ఎందుకంటే రేడియో తరంగాలు ఉప్పునీళ్ళలో ప్రయాణించలేవు. నిజం చెప్పాలంటే, నీటి పరికరం ఉన్నా అంత లోతులో వినడం తేలికేం కాదు. దాని చప్పుడు మామూలుగా రెండు మూడు కిలోమీటర్లకి మించి వినబడదు. కానీ వెతకడానికి వెళ్ళినవాళ్ళకి కనీసం చెవి పెట్టడానికి ఏదో ఒకటి ఉండేది. సముద్రం మీదుగా వారం వారం మనుషుల్ని తీసుకెళ్ళే విమానంలో ఇంత చిన్న వస్తువు ఎందుకు లేదన్నదానికి నాకైతే ఏ జవాబూ సరిపోదు.

ఓడలు, విమానాలు, ఒక జలాంతర్గామి వారాల తరబడి గాలించాయి. సెప్టెంబర్ 15న 29 మందీ మరణించినట్టుగా భావిస్తున్నామని వాయుసేన కుటుంబాలకు తెలియజేసింది. మామూలుగా మనిషి ఆచూకీ లేకపోతే మన చట్టం ఏడేళ్ళు ఆగమంటుంది. వీళ్ళకి అంతవరకూ ఆగక్కర్లేకుండా, పింఛన్ కాగితాలు కదిలేలా చేశారు. మంచిదే. కానీ మన ఇళ్ళల్లో కాగితంతో పని అయిపోదు కదా. తద్దినం పెట్టాలంటే తిథి కావాలి. జులై 22ది పెట్టుకోవాలా, సెప్టెంబర్ 15దా? ఆ రెండు తేదీల మధ్య గడిచిన రోజుల్లో ఇంట్లో ఆవిడ బొట్టు సంగతేంటి? శవం లేని చావులో ప్రతి చిన్న పనికీ ఎవరో ఒకరు తెగించి ఒక మాట అనాలి. అన్నవాళ్ళే చెడ్డవాళ్ళవుతారు.

ఎమ్‌హెచ్370 అప్పుడు కూడా ప్రయాణికుల ఫోన్లు రింగవుతున్నాయని బంధువులు గొడవపెట్టారు. మనకి వినబడే ఆ రింగు అవతలి ఫోన్‌లోంచి వచ్చేది కాదు. నెట్‌వర్క్ ఇంకా వెతుకుతూనే మన చెవిలో దాన్ని వినిపించగలదు. ఇది నాకు తెలుసు. తెలిసినా, అలా ఫోన్ పట్టుకుని కూర్చున్నవాళ్ళకి ఈ మాట నేను చెప్పలేను.

2024 జనవరి 12న, జనమంతా సంక్రాంతికి ఊళ్ళకి బయలుదేరిన శుక్రవారం, రక్షణ శాఖ ఒక ప్రకటన ఇచ్చింది. చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ, ఎన్ఐఓటీ, కొత్తగా తెచ్చిన మనిషి లేని జలాంతర వాహనాన్ని విమానం చివరగా కనిపించిన చోటుకి పంపింది. అది 3400 మీటర్ల లోతున సోనార్‌తో తడుముకుంటూ తిరిగి, అడుగున పడి ఉన్న శకలాల ఫొటోలు తీసుకొచ్చింది. తీరానికి 140 నాటికల్ మైళ్ళు. ఏఎన్-32 శకలాలతో సరిపోలుతున్నాయి, ఆ ప్రాంతంలో ఇంకే విమానమూ తప్పిపోయిన రికార్డు లేదు, కాబట్టి ఇది అదే అయ్యుండాలి అని తేల్చారు.

వార్త చదివి బాబాయ్‌కి ఫోన్ చేశాను. "దొరికిందట బాబాయ్" అన్నాను. ఆయన కాసేపు ఆగి, "ఎందుకు పడిందట?" అన్నాడు. ఫొటోలు ఎక్కడ పడిందో చెప్తాయి గానీ ఎందుకు పడిందో చెప్పవు. ఈసారి ఆ మాటే చెప్పాను.